పెద్ద ఫోనా, చిన్న ఫోనా: డబ్బు కట్టే ముందు అట్టముక్కతో తేల్చుకోండి

వారానికి ఒక్కసారైనా నా వాట్సాప్‌కి రెండు ఫోన్ల ఫొటోలు వస్తాయి, కింద ఒకటే ముక్క: "అన్నా, ఇదా, అదా?" ఇక్కడ బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళ నుంచి మదనపల్లెలో మా అత్తయ్య దాకా అందరిదీ అదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ విసుగొచ్చి, అంతా ఒకేచోట రాస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళకి ఇదే పంపిస్తా.

నేను ఫోన్లు అమ్మేవాణ్ణి కాదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అందువల్ల దేన్నైనా కొనే ముందు కెలికి చూసే పిచ్చి ఉంది, అంతే. ఆ పిచ్చి ఉండి కూడా రెండేళ్ళ కిందట ఒక పెద్ద ఫోన్ ఆన్‌లైన్‌లో చూసి, ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోకుండా కొనేశాను. మూడో వారం, సిల్క్ బోర్డ్ దగ్గర బీఎంటీసీ బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో టికెట్‌కి యూపీఐ స్కాన్ చేస్తుంటే, బొటనవేలు పైనున్న బటన్ దాకా అందక ఫోన్‌ని అరచేతిలో కాస్త పైకి జరిపాను. జరిపింది జరిపినట్టే వెళ్ళి మెట్ల మీద పడింది. స్క్రీన్ మార్పించేసరికి పండక్కి ఊరెళ్ళే డబ్బులు పోయాయి. ఫోన్‌లో లోపమేం లేదు. నా చేతికి అది సరిపోదు, ఆ సంగతి నేను కొనేముందు చూసుకోలేదు.

అందుకే నా పద్ధతిలో ముందు సైజు తేల్చాలి, ఆ సైజులో ఇమిడిన వాటిలోనే ఫీచర్లు చూడాలి. జనం చేసేది దీనికి తలకిందులు: ఫీచర్లన్నీ చదివి, ఒకటి ఎంచి, వచ్చాక చేతిని దానికి అలవాటు చేస్తారు. చెయ్యి అలవాటు పడదు, పట్టు కోసం వెనక పాప్ సాకెట్ బిళ్ళ అంటించుకుంటారు.

కావాల్సినవి

- ఇప్పుడు వాడుతున్న మీ ఫోన్, దాని కవర్‌తో సహా
- పెద్ద స్కేలు (పిల్లల జామెట్రీ బాక్సులోని 15 సెంటీమీటర్లది చాలదు, ఎందుకో కింద తెలుస్తుంది)
- స్వీట్ బాక్స్ మూతో, పిజ్జా డబ్బానో, ఏదో ఒక గట్టి అట్ట, కత్తెర
- ఒక 500 నోటు
- వంటింటి తూకం మిషన్ ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది
- రోజూ వేసుకునే ప్యాంటు లేదా రోజూ తీసుకెళ్ళే హ్యాండ్‌బ్యాగ్
- చూపు అద్దాలు వాడేవాళ్ళయితే అవి కూడా
- షాపులో గడపడానికి ఒక గంట, వారం మధ్యలో అయితే మేలు. ఆదివారం సాయంత్రం వెళితే డెమో ఫోన్ మీ చేతికి వచ్చేసరికి వెనక ఇద్దరు నిలబడి ఉంటారు

1. మీ పాత ఫోన్‌నే అడగండి

ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ తెరవండి. పోయిన వారంలో ఎక్కువసేపు వాడిన మూడు యాప్‌లు ఒక కాగితం మీద రాయండి. దాని కింద, ఈ ఫోన్‌తో మీకు నిజంగా చిరాకు తెప్పించే ఒకే ఒక్క విషయం రాయండి: సాయంత్రానికి చార్జ్ అయిపోవడమో, స్టోరేజ్ నిండిపోవడమో, ఎండలో కనబడకపోవడమో.

ఇక్కడ అందరూ చేసే తప్పు, చేస్తున్న పనులు కాకుండా చేయబోయే పనులు రాసుకోవడం. "వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటా అన్నా, అందుకే ఆ ప్రాసెసర్." మా పక్క ఫ్లాట్ అబ్బాయి అలా కొని ఏడాదిన్నర అయింది, అందులో ఇప్పటికీ తిరిగేవి రీల్సే. వారం లెక్కలో లేని పని కోసం డబ్బు పెట్టకండి.

2. అంగుళాలు కొట్టేసి నాలుగు అంకెలు రాయండి

స్క్రీన్ ఇన్ని అంగుళాలు అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా కొలిచిన కొలత. పాత ఫోన్ల స్క్రీన్లు 16:9 నిష్పత్తిలో ఉండేవి, ఇప్పటివి 20:9కి అటూ ఇటూగా సన్నగా పొడుగ్గా సాగాయి. లెక్క వేస్తే, పాత 5.5 అంగుళాల స్క్రీన్ వెడల్పు సుమారు 68.5 మి.మీ., కొత్త 6.7 అంగుళాల స్క్రీన్ వెడల్పు సుమారు 70 మి.మీ. అంగుళాల్లో అంత తేడా కనబడుతున్నా వెడల్పులో పెరిగింది మిల్లీమీటరున్నర లోపే, మిగతాదంతా పొడవు. అంటే "పెద్ద స్క్రీన్ కదా, అక్షరాలు పెద్దగా వస్తాయి" అనుకుని కొంటే రావు. అదే సైజు అక్షరాలతో ఇంకో నాలుగు లైన్లు కింద వస్తాయి.

కాబట్టి మీరు చూస్తున్న ప్రతి మోడల్‌కీ కంపెనీ సొంత పేజీలో నుంచి పొడవు, వెడల్పు, మందం, బరువు రాసుకోండి. చేతికి తెలిసేది ముఖ్యంగా వెడల్పు, ఆ తర్వాత బరువు. కొన్ని ఉదాహరణలు:

- గెలాక్సీ ఎస్25: 146.9 × 70.5 మి.మీ., 162 గ్రాములు
- ఐఫోన్ 16: 147.6 × 71.6 మి.మీ., 170 గ్రాములు
- పిక్సెల్ 8ఏ: 152.1 × 72.7 మి.మీ., 188 గ్రాములు
- గెలాక్సీ ఎస్25 అల్ట్రా: 162.8 × 77.6 మి.మీ., 218 గ్రాములు

పేరు చూసి మోసపోకండి. ఐఫోన్ 15 ప్రో తీసుకోండి, కొలతల్లో మామూలు ఐఫోన్ 15 కన్నా కాస్త చిన్నదే, కానీ బరువు 187 గ్రాములు, మామూలుది 171. "ప్రో" అంటే పెద్దదనీ, చిన్నదంటే తేలికనీ ఏం లేదు.

నా సొంత గీతలు ఇవి, మీ చేతిని బట్టి మార్చుకోండి: వెడల్పు 72 లోపుంటే ఒక చేత్తో నడిచిపోతుంది, 72 నుంచి 75 వరకు బతిమాలుకోవాలి, 76 దాటితే అది రెండు చేతుల ఫోన్ అని ఒప్పేసుకోండి. బరువు 200 దాటితే పడుకుని చూసేవాళ్ళకి ముక్కు మీద పడే ఫోన్.

3. అట్టముక్క కత్తిరించండి

నవ్వుకోండి, పర్లేదు. మా ఆవిడ కూడా నవ్వింది, తర్వాత తన ఫోన్‌కి తనే కత్తిరించుకుంది.

ముందు స్కేలు లేకుండా ఒక అంచనా. ఇప్పటి 500 నోటు 150 మి.మీ. పొడవు, 66 మి.మీ. వెడల్పు (15 సెంటీమీటర్ల స్కేలంతే అన్నమాట, పెద్ద ఫోన్ దాన్ని దాటిపోతుంది). 200 నోటు 146 మి.మీ. పొడవు, వెడల్పు అదే. నోటుని మీ ఫోన్ మీద పెట్టి చూడండి, మీరిప్పుడు ఎక్కడున్నారో తెలుస్తుంది. ఎస్25 పొడవు దాదాపు 200 నోటంత. ఎస్25 అల్ట్రా మీద 500 నోటు పెడితే పొడవులో దాదాపు 13, వెడల్పులో 11 మిల్లీమీటర్లకు పైగా ఫోన్ బయటికి కనబడుతుంది.

ఇప్పుడు మీ జాబితాలో అన్నిటికన్నా పెద్ద ఫోన్, అన్నిటికన్నా చిన్న ఫోన్, ఈ రెండింటి కొలతలకి అట్ట కత్తిరించండి. రెండు కొలతలకీ 3 మి.మీ. చొప్పున కలపండి, అది కవర్ కోసం. ఇది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. షాపులో కవర్ లేకుండా పట్టుకుని "భలే ఉందే" అనుకుంటారు, ఇంటికొచ్చి లావుపాటి రబ్బరు కవర్ తొడుగుతారు, అక్కడితో అది వేరే ఫోన్ అయిపోతుంది. మందం కోసం రెండు మూడు అట్టలు ఒకదాని మీద ఒకటి అంటించండి.

బరువు కూడా తెలియాలంటే పల్చటి ప్లాస్టిక్ సంచిలో బియ్యం పోసి, అట్టతో కలిపి తూకం మిషన్ మీద ఫోన్ బరువు, దానిపైన కవర్‌కి ఓ 30 గ్రాములు వచ్చేదాకా సరిచూసి, సంచిని పరిచి టేప్‌తో అట్టకి చుట్టేయండి. తూకం లేకపోతే ఈ ముక్క వదిలేయండి, షాపులో చూద్దాం.

ఇక పరీక్షలు:

ఒక చేత్తో, చిటికెన వేలు కింద ఆనించి పట్టుకోండి. పట్టు మార్చకుండా బొటనవేలు ఎదురు వైపు పై మూలకి ఎంత దూరంలో ఆగిపోతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పై మూల అందకపోవడం ఈ రోజుల్లో మామూలే, అది పెద్ద విషయం కాదు. ఎదురు అంచు, సగం ఎత్తులో, అదైనా అందాలి. అది కూడా అందకపోతే మెట్రోలో నిలబడి టైప్ చేయడం మర్చిపోండి. కేఆర్ పురంలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్ దాకా నిలబడి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది బాగా తెలుస్తుంది.

జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చోండి, తర్వాత స్కూటర్ మీద కూర్చోండి, వంగి చెప్పుల పట్టీ పెట్టుకోండి. గుచ్చుకుందా? బయటికి తొంగి చూస్తోందా? ఆడవాళ్ళయితే కుర్తీ జేబులో, బ్యాగులో ఫోన్ కోసం కుట్టిన అరలో పెట్టి చూడండి. చాలా బ్యాగుల్లో ఆ అర పాత ఫోన్ల కాలం నాటిది. మా ఆవిడ ఎంచుకున్న ఫోన్ అట్ట అక్కడే ఇరుక్కుంది, బ్యాగు మార్చడం కన్నా ఫోన్ మార్చడం సులువని తేల్చింది.

ఒక రోజంతా ఆ అట్టని జేబులో వేసుకుని తిరగండి. ఆఫీసులో ఎవరైనా చూసి అడిగితే నిజం చెప్పకండి.

పెద్ద ఫోనే కావాలి, చెయ్యేమో చిన్నది అంటారా, ఒక దారుంది. దాదాపు అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వన్ హ్యాండెడ్ మోడ్, ఐఫోన్‌లో రీచబిలిటీ ఉంటాయి, స్క్రీన్ పై భాగాన్ని కిందికి లాగుతాయి, లేదా స్క్రీన్ మొత్తాన్ని చిన్నగా కుదిస్తాయి. ఇప్పటి ఫోన్‌లోనే వారం రోజులు ఆన్ చేసి వాడి చూడండి. అలవాటైతే పెద్ద ఫోన్ ధైర్యంగా తీసుకోవచ్చు. నాకు అలవాటు కాలేదు.

4. తెలుగు చదివి, తెలుగు రాసి చూడండి

యూట్యూబ్‌లో ఎంత పెద్ద రివ్యూ అయినా ఇంగ్లిష్ అక్షరాలతోనే స్క్రీన్ చూపిస్తారు. మన అక్షరం సంగతి వేరు. పైన గుడి, ఏత్వం, కింద వత్తు, ఆ వత్తు కింద ఇంకో వత్తు. "రాష్ట్రం", "స్త్రీ" అన్న మాటల్ని అక్షరాలు చిన్నగా పెట్టి చూస్తే అడుగున ఏ వత్తు ఉందో ఊహించుకోవాల్సిందే. పైగా మన మాటలు పొడుగు, వెడల్పు తక్కువైతే లైనుకి మూడు మాటలు పట్టి నాలుగోది కిందికి పోతుంది.

ఇక్కడే మా అత్తయ్య కథ చెప్పాలి. ఆమెకి చిన్న ఫోన్ ఇష్టం, "చేతిలో ముద్దుగా ఉంది" అని ఒకటి తీసుకున్నారు. కళ్ళకి ఆనాలని ఫాంట్ సైజు చివరిదాకా పెంచారు. వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌కి రెండు మెసేజ్‌లు, అంతకుమించి పట్టవు. బ్యాంకు యాప్‌లో అయితే అక్షరాలు ఉబ్బిపోయి కిందున్న బటన్ స్క్రీన్ దాటి పోయింది. ఆ బటన్ లేక పింఛను వచ్చిందో లేదో చూసుకోలేక నాకు ఫోన్ చేసేవారు. చివరికి ఏం జరిగిందంటే, బస్సులో పడి స్క్రీన్ మార్పించిన నా పెద్ద ఫోన్ ఆమెకి వెళ్ళింది, ఆమె చిన్న ఫోన్ నాకొచ్చింది. ఆమె దాన్ని వాడేది వరండాలో కుర్చీలో కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, రెండు చేతులతో. బస్సు కమ్మీలు పట్టుకునే పని ఆమెకి లేదు. ఇద్దరం హాయిగా ఉన్నాం.

అందువల్ల అమ్మానాన్నలకి కొంటుంటే మీ చేతితో కాదు, వాళ్ళ కళ్ళతో చూడండి. పరీక్ష ఇలా: డెమో ఫోన్‌లో సెట్టింగ్స్, డిస్‌ప్లే, ఫాంట్ సైజు రెండు మెట్లు పెంచండి. ఏదైనా తెలుగు వార్తల పేజీ తెరిచి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, అద్దాలు పెట్టుకునేవాళ్ళు పెట్టుకునే చదవాలి. కింది వత్తు తర్వాతి లైను గుడిని తాకుతోందేమో చూడండి. తర్వాత తెలుగు కీబోర్డు తెరిచి "అత్తయ్యకు జ్వరం తగ్గింది" అని ఒక చేత్తో రాయండి. తెలుగు కీబోర్డులో మీటలు ఎక్కువ, అందుకే ఒక్కోటి సన్నగా ఉంటుంది. మూడు తప్పుల కన్నా ఎక్కువ పడితే ఆ వెడల్పు మీ వేళ్ళకి చాలదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకునేవాళ్ళకి ఈ ఇబ్బంది ఉండదు. వాయిస్‌తో రాసేవాళ్ళకి అసలు ఈ మెట్టే అక్కర్లేదు.

5. ఇప్పుడు ఫీచర్లు

ఈపాటికి మీ జాబితా రెండు మూడు ఫోన్లకి తగ్గి ఉండాలి. మొదటి మెట్టులో రాసిన కాగితం పక్కన పెట్టుకోండి.

బ్యాటరీ. చిన్న ఫోన్‌కి అసలు మూల్యం ఇదే. లోపల చోటు తక్కువ, బ్యాటరీ చిన్నది: ఎస్25లో 4000 ఎంఏహెచ్, అల్ట్రాలో 5000. పెద్ద స్క్రీన్ ఎక్కువ తాగుతుంది కాబట్టి తేడా అంకెల్లో కనబడినంత ఉండదు, ఉండటం మాత్రం ఉంటుంది. మీరు పొద్దున్న ఇల్లు వదిలినప్పటి నుంచి మళ్ళీ చార్జర్ దొరికేదాకా ఎన్ని గంటలో లెక్కపెట్టండి. ఆఫీసులో డెస్క్ దగ్గర చార్జర్ ఉన్నవాళ్ళకి చిన్న బ్యాటరీ సమస్యే కాదు. రోజంతా అవుటర్ రింగ్ రోడ్డు మీద మ్యాప్స్ వేసుకుని తిరిగే పనైతే చిన్న ఫోన్ జోలికి పోకండి. పవర్ బ్యాంక్ పెట్టుకుంటాలే అంటారు, దాని బరువు కూడా జేబులోనేగా.

కెమెరా. మెగాపిక్సెల్ అంకె మీద ఒక్క నిమిషం కూడా పెట్టకండి. 50 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా నాలుగు పిక్సెళ్ళని కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. వెనక మూడు కెమెరాలున్నాయంటే మిగతా రెండూ ఏమిటో చదవండి. "2 మెగాపిక్సెల్ మాక్రో", "2 మెగాపిక్సెల్ డెప్త్" అని ఉంటే అవి లెక్క కోసం పెట్టినవి. అదే డబ్బుకి ఓఐఎస్ (చేతి వణుకుని లోపలే సరిచేసే ఏర్పాటు) ఉన్న ఒక మంచి కెమెరా ఉంటే అటు వెళ్ళండి, చెయ్యి కాస్త వణికినా, వెలుతురు తక్కువైనా ఫొటో చెదరదు. పెద్ద ఫోన్లలో దూరం జూమ్ బాగుంటుంది. స్కూల్ యానివర్సరీలో స్టేజి మీద పిల్లాడిని చివరి వరస నుంచి తీయాలంటే అది పనికొస్తుంది, నిజమే. ఏడాదికి ఎన్ని యానివర్సరీలో మీరే చూసుకోండి.

ర్యామ్. "8+8 జీబీ" అని రాస్తే 8 జీబీయే అనుకోండి. రెండో 8 స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చింది, అసలు ర్యామ్ వేగం దానికి రాదు.

స్టోరేజ్. 128కి తక్కువ వద్దు. ఫ్యామిలీ గ్రూపులు మూడు దాటితే 256. మెమరీ కార్డు పెట్టుకోవచ్చని రాసి ఉంటే, రెండో సిమ్ తీసేస్తేనే పట్టే రకమేమో అడగండి. ఊరి సిమ్ ఒకటి, ఇక్కడి సిమ్ ఒకటి వాడే మనలాంటివాళ్ళకి అది చిక్కు.

అప్‌డేట్లు. గెలాక్సీ ఎస్24, పిక్సెల్ 8 నుంచి ఆ వరసలకి ఏడేళ్ళ అప్‌డేట్లు అని ఆ కంపెనీలు చెప్పాయి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అంత ఉండదు. ఒక మెలిక: ఈ ఏళ్ళు ఫోన్ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి లెక్క, మీరు కొన్నప్పటి నుంచి కాదు. రెండేళ్ళ పాత మోడల్ ఆఫర్‌లో వస్తే అందులోంచి రెండు తీసేయండి.

నీళ్ళు. ఐపీ68 అని, అంటే నీళ్ళు, దుమ్ము తట్టుకునే రేటింగ్, ఉంటే బెంగళూరు వాన పెద్దగా ఏం చేయదు. కానీ ఆ పరీక్షలు మంచినీళ్ళలో చేస్తారు, నీటి వల్ల పాడైతే వారంటీ సాధారణంగా వర్తించదు. ఐపీ ఉంది కదా అని స్విమ్మింగ్ పూల్‌లోకి దింపకండి.

5జీ. ఇప్పుడు వచ్చే ఫోన్లలో చాలావాటికి ఉంది. ఎవరైనా బయటి దేశం నుంచి తెచ్చిచ్చే ఫోన్ అయితే మాత్రం ఇక్కడి 5జీ సిగ్నల్ అందుకునే ఎన్78, ఎన్28 బ్యాండ్లు ఉన్నాయా అని చూసుకోండి. జియో వాడేవాళ్ళు స్టాండలోన్ 5జీ (4జీ ఆసరా లేకుండా నడిచేది) పనిచేస్తుందా అని కూడా చూడాలి.

బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. పెద్ద ఇంజిన్ బైకుల కంపనాల వల్ల కెమెరాలోని ఓఐఎస్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లోనే చెప్పింది, స్కూటర్లకైనా కుదుపులు తగ్గించే హోల్డర్ వాడమంది. ఓఐఎస్ ఏ కంపెనీదైనా లోపల కదిలే భాగమే. మన రోడ్ల గుంతల గురించి మళ్ళీ చెప్పాలా. డెలివరీ పని చేసేవాళ్ళు వీలైతే మ్యాప్స్‌కి పాత ఫోన్ బిగించుకోండి.

6. షాపులో

ముందు డమ్మీ పీస్ కాకుండా పనిచేసే ఫోన్ అడగండి. "అణ్ణా, డమ్మీ బేడ, ఆన్ ఇరో ఫోన్ కొడి" అంటే సరిపోతుంది. ఈ ఊళ్ళో సగం షాపుల్లో మీరు ఆ ముక్క అనగానే మీ యాస పట్టేసి తెలుగులోకి దిగిపోతారు.

డెమో ఫోన్ వెనక దొంగతనం కాకుండా ఒక బిళ్ళ అంటించి వైరు కట్టి ఉంటుంది. దాంతో పట్టుకుంటే బరువు, పట్టు రెండూ తప్పుగా తెలుస్తాయి. తీసి ఇవ్వమని అడగండి, కొనేలా కనబడితే ఇస్తారు. ఇవ్వకపోతే బియ్యం అట్ట ఎటూ ఉంది.

స్క్రీన్ వెలుతురు షాపులో ఎప్పుడూ నూటికి నూరు పెట్టి ఉంచుతారు, పైన తెల్లటి లైట్లు. అక్కడ ఏ ఫోనైనా మెరుస్తుంది. గుమ్మం దాకా వెళ్ళి ఎండలో ఫుట్‌పాత్ వైపు పట్టి చూస్తానని చెప్పండి, ఒక అబ్బాయి మీ వెనకే వస్తాడు, రానీండి. ఎండలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే పేజీ, మ్యాప్స్ కనబడితే చాలు.

కెమెరాకి షాపు బయట దృశ్యాలు తీయకండి, వెలుతురులో అన్నీ బాగానే వస్తాయి. షాపు లోపల, కాస్త నీడగా ఉన్న మూల, నడుస్తున్న మనిషిని తీయండి. ముఖం చెదిరిందా? అల్మారాలో దూరంగా ఉన్న డబ్బా మీద అక్షరాలు తీసి, జూమ్ చేసి చదవండి. రెండు ఫోన్లతో ఒకే మూల, ఒకే డబ్బా.

సేల్స్ అబ్బాయి మీరు అడిగినదాన్ని వదిలేసి ఇంకో మోడల్ వైపు లాగుతుంటే టెన్షన్ పడకండి, కొట్లాడకండి. దాని కొలతలు కూడా రాసుకుని బయటికి వచ్చేయండి. అదే రోజు కొనడం నా లెక్కలో తప్పు, ఎందుకంటే గంటసేపు తిప్పించాక వట్టి చేతులతో వెళ్ళడానికి మనకి మొహమాటం.

ఆఖరి రెండింట్లో ఒకటి తేలకపోతే ఎస్పీ రోడ్ వైపు వెళ్ళినప్పుడు కవర్లు, టెంపర్డ్ గ్లాసులు అమ్మే రెండు షాపుల్లో అడగండి. ఏ మోడల్‌కి వెంటనే తీసి చేతిలో పెడతారో దాని సామాను రెండేళ్ళ తర్వాత కూడా దొరుకుతుంది. "ఆర్డర్ పెట్టాలి సార్" అన్నారంటే ఆలోచించండి. ఇది శాస్త్రం కాదు, నాకు ఇప్పటిదాకా తప్పలేదు.

7. డబ్బు కట్టేటప్పుడు, కట్టాక

ధర పక్కన మొత్తం ఖర్చు రాయండి: ఫోన్, కవర్, గ్లాసు, చార్జర్. ఐఫోన్ 12 కాలం నుంచి కొన్ని కంపెనీలు డబ్బాలో చార్జర్ ఇవ్వడం మానేశాయి. మీ పాతది ఆ ఫోన్‌ని పూర్తి వేగంతో చార్జ్ చేస్తుందా అని కూడా చూడండి. బిల్లు జీఎస్టీతో, ఐఎంఈఐ నంబరుతో (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు) ఉండాలి. "బిల్లు లేకపోతే రెండు వేలు తగ్గిస్తా" అంటే వద్దు.

ఎక్స్‌చేంజ్‌తో జాగ్రత్త. పాత ఫోన్ ఆ క్షణమే తీసుకుపోతారు. వారంలో కొత్తది నచ్చకపోతే తిరిగి వెళ్ళడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. సైజు బాగా మారుతున్నారంటే, అంటే చిన్నదాంట్లోంచి పెద్దదాంట్లోకి గానీ అటు నుంచి ఇటు గానీ, కాస్త తక్కువొచ్చినా పాతది వారం ఉంచుకుని బయట అమ్మండి. మార్చుకునే గడువు ఎన్ని రోజులు, లోపం ఉంటేనా లేక నచ్చకపోయినా మారుస్తారా, ఈ రెండూ కట్టకముందే అడగండి. చాలాచోట్ల లోపం ఉంటేనే.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా సీలు కనబడేలా మొదలుపెట్టి ఆపకుండా వీడియో తీస్తూ తెరవండి. *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ, డబ్బా మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటేనా చూడండి. పాత ఫోన్ కొంటున్నా ఇదే పని, అదనంగా 14422కి కేవైఎం అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు వేసి ఎస్ఎంఎస్ పంపండి. ఆ నంబరు ఏ మోడల్‌దో, బ్లాక్ అయిందో లేదో జవాబు వస్తుంది.

మొదటి రోజు: తెల్లటి ఫొటో ఒకటి, నల్లటి ఫొటో ఒకటి నిండా తెరిచి మచ్చలు, గీతలు చూడండి. రెండు సిమ్‌లతోనూ ఫోన్ చేయండి, ఒకసారి లిఫ్ట్ దగ్గర నిలబడి చేయండి. స్పీకర్, మైకు, మ్యాప్స్, ముందు కెమెరా, వేలిముద్ర, అన్నీ ఒక్కోసారి.

మొదటి రెండు మూడు రోజులు బ్యాటరీ గురించి తీర్పు చెప్పకండి. యాప్‌లు, ఫొటోలు దింపుకుంటూ, వెనక ఏవేవో సర్దుకుంటూ ఉంటుంది, వేడెక్కుతుంది కూడా. నాలుగో రోజు నుంచి చూడండి: పొద్దున్న నూరుతో బయల్దేరి ఇంటికొచ్చేసరికి ఎంత మిగిలిందో మూడు రోజులు రాయండి. 20కి పైన ఉంటే మీకు సరిపోయింది.

అయిదో రోజు చేతి సంగతి. చిటికెన వేలు మీద ఫోన్ అంచు గుంట పడుతోందా, బొటనవేలు మొదట్లో లాగుతోందా, రోడ్డు దాటేటప్పుడు తెలియకుండానే రెండో చెయ్యి సాయం వస్తోందా. వస్తుంటే కవర్ తీసి పల్చటిది వేసి ఇంకో రోజు చూడండి. అప్పటికీ తగ్గకపోతే, గడువు ఇంకా మిగిలుందేమో బిల్లు తీసి తేదీ చూసుకోండి, డబ్బా మాత్రం అప్పటిదాకా అటక మీద పడేయకండి.